వెండి గ్లాసు దాటిపోయిన ఆదివారం

చెప్పుకోలేనివాడి మౌనాన్ని కూడా వినే నా దేవునికి ముందుగా స్తోత్రం. మనుషులు నిమిషంలో తేల్చేసినవాళ్ళ విషయంలో ఏళ్ళ తరబడి ఓపిక పట్టే నా ప్రభువుకు స్తోత్రం. ఆయన నన్ను న్యూజెర్సీ చలిలో పెంచాడు, టెక్సస్ ఎండలో ముసలిదాన్ని చేశాడు, రెండుచోట్లా నా చెయ్యి వదల్లేదు. ఈ నాలుగు మాటలూ ఆయన మహిమ కోసమే రాస్తున్నాను. మా ఇంటి సంగతి చెప్పి ఎవరినో తక్కువ చేయాలని కాదు.

మొన్నీమధ్య నా మనవరాలు మేఘన వాళ్ళ స్కూల్లో నాటకం వేస్తే చూడటానికి వెళ్ళాను. మా అమ్మాయి వాళ్ళది ఇక్కడే టెక్సస్‌లో ఫ్రిస్కో. నేను పక్కనే ప్లేనోలో ఉంటాను, మా ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక ఒక్కదాన్నే. ముందు రోజు ఫోన్లో మేఘన తన పాత్ర గురించి చెబితే నాకు నవ్వొచ్చింది. "నేను కోరస్‌లో ఉన్నాను అమ్మమ్మా. మాకు అన్నీ తెలుసు, కానీ చెప్పొద్దు. ప్రామిస్ చేశాం. సో స్టేజ్ మీద నిలబడి ఏడవడమే మా జాబ్" అంది. అది వేల ఏళ్ళ నాటి గ్రీకు కథ. ఒక రాజు ఊరి నుంచి తిరిగొస్తాడు. అప్పటికే రాణి చనిపోయి ఉంటుంది, పోతూ పోతూ రాజు కొడుకు మీద లేని నింద వేసి పోతుంది. ఆ కొడుకుకి నిజం తెలుసు, కానీ ఎవరికీ చెప్పనని దేవతల మీద ఒట్టు పెట్టి ఉన్నాడు. తండ్రి ఒక్క సాక్షిని పిలవడు, ఒక్క రోజు ఆగడు. అక్కడికక్కడే శపించి ఇంట్లోంచి వెళ్ళగొడతాడు. చుట్టూ నిలబడ్డ ఆడపిల్లలందరికీ అసలు సంగతి తెలుసు, మా మేఘనతో సహా. తెల్లని దుప్పటి కప్పుకుని, కాళ్ళకి స్నీకర్స్ వేసుకుని, అది నిజంగానే ఏడుస్తోంది.

నేను అన్య దేవతల కథలు చూసే మనిషిని కాదు. కానీ ఆ తండ్రి వేలు చూపించి "పో" అన్నప్పుడు నా చేతిలోని ప్రోగ్రామ్ కాగితం నలిగిపోయింది. పక్కన కూర్చున్న మా అమ్మాయి "ఏసీ ఎక్కువైందా అమ్మా" అని తన శాలువా నా మీద కప్పింది. ఏసీ కాదు. నేను ఆ హాల్లో లేను. న్యూజెర్సీ పార్సిప్పనీలో, మా పాత అపార్ట్‌మెంట్ వంటింట్లో, పళ్ళపొడితో వెండి గ్లాసు తోముతూ నిలబడి ఉన్నాను.

ఆ గ్లాసు మా నాయనమ్మది. నాన్నగారు అమెరికాకి వచ్చేటప్పుడు ఆవిడ ఆయన సూట్‌కేసులో పంచెల మధ్య పెట్టిందట. నాన్నగారు ఆసుపత్రిలో పెథాలజిస్టు. మనిషిలోంచి తీసిన చిన్న ముక్కని గాజు పలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద చూసి, రోగమేమిటో చెప్పడం ఆయన పని. ఇంటికొచ్చాక కూడా ఆయన చేతులకు ఒక మందు వాసన ఉండేది, ఎంత సబ్బు పెట్టినా పోయేది కాదు. అన్నం కలుపుకునేటప్పుడు ఆ వాసనా, ఆవకాయ వాసనా కలిసి వచ్చేవి. ఇప్పటికీ నాకు నాన్నగారంటే ఆ రెండు వాసనలే. అనుమానంగా ఉంటే రెండో ముక్క కోయించి చూడనిదే ఆయన సంతకం పెట్టేవారు కాదు. సర్జన్లు ఫోన్ చేసి తొందరపెడితే, "ఆ పేషెంటుకి నేను ఒక్కసారే చెప్పగలను, కాబట్టి రెండుసార్లు చూస్తాను" అనేవారు. ఆ మాట మాకు ఇంట్లో గొప్పగా చెప్పేవారు కూడా.

ఆదివారం మాత్రం ఆయన మా సంఘ పెద్ద. అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు విశ్వాసుల కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు తమ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం బేస్‌మెంట్ మాకిచ్చేవారు. మడత కుర్చీలు, తడిసిన ఉన్ని కోట్ల వాసన, నేలకి వేసిన పాలిష్ వాసన, మూలన పెద్ద గిన్నెలో, ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందు కోసం అమ్మ వండిన కోడికూర. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. అమ్మ శనివారం సాయంత్రమే ఉప్పు లేకుండా పిండి కలిపి, పెనం మీద ఒక్క రొట్టె కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి పెట్టేది. గ్లాసు తోమడం నా వంతు. ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం రోజున అందరికీ ఆ ఒక్క గ్లాసే. ద్రాక్షరసం పోసి నాన్నగారు మొదటి వరుసలోవాళ్ళకి ఇస్తే, అది చేతి నుంచి చేతికి మారుతూ హాలంతా తిరిగి మళ్ళీ ఆయన దగ్గరికి వచ్చేది. గ్లాసు కదిలేముందు ఆయన ఒకటే అడిగేవారు. ఎవరికైనా ఎవరి మీదైనా మాట ఉంటే ఇప్పుడే చెప్పుకోండి అని. హీటర్ గొట్టాలు కొట్టుకునే చప్పుడు మాత్రం వినిపించేది. ఎవరైనా తప్పులో ఉన్నారని పెద్దలు తేలిస్తే వాళ్ళని కోట్లు తగిలించే మూల దగ్గర చివరి కుర్చీలో కూర్చోబెట్టేవారు. గ్లాసు వాళ్ళ ముందునుంచే దాటిపోయేది. అందరూ చూసేవారు.

మా అన్నయ్య ప్రకాశ్ అప్పుడు కాలేజీలో చేరిన కొత్త. సంఘంలో కారు లేనివాళ్ళని తీసుకొచ్చి దింపడం వాడి పని. మా కారు ఆకుపచ్చ స్టేషన్ వ్యాగన్, పక్కన చెక్కలాంటి పట్టీ ఉండేది. ఆ ఊళ్ళో అలాంటిది ఇంకొకటి లేదు, దూరం నుంచే డాక్టరుగారి కారు అని తెలిసిపోయేది. అన్నయ్య అందులో గిటార్ వాయించినట్టు స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తూ పాటలు పాడుతూ డ్రైవ్ చేసేవాడు. ముసలమ్మలు ఎక్కితే, "సీట్‌బెల్ట్ పెట్టుకోండి మామ్మగారూ, పరలోకం ఇంకా దూరం ఉంది" అనేవాడు. వాళ్ళు వాడి వీపు మీద చరిచి నవ్వేవారు.

ఒక చలికాలం శనివారం ఆనందరావు అంకుల్ మా ఇంటికి వచ్చారు. ఆయన నాన్నగారికి కుడిభుజం లాంటి మనిషి, ఇంజనీరు, మంచివాడు. బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, చెప్పకూడదనుకున్నాను కానీ సంఘం మంచి కోసం చెప్పాల్సి వస్తోందని మొదలుపెట్టారు. ఆ రోజు ఆయనకి ఆఫీసులో పని ముందే అయిపోయిందట. తిరిగొస్తూ ఉంటే రోడ్డు పక్కన సారాబారు వెనకాల మా కారు ఆగి ఉండటం చూశారట. లోపల ప్రకాశ్, పక్కన తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఎవరో ఆడమనిషి. కిందటి శనివారం కూడా అక్కడే చూశాననీ, అప్పుడు తన కళ్ళు తనే నమ్మలేదనీ అన్నారు. నాన్నగారి ముఖం ఎలా మారిందో నాకు తెలియదు, నేను ఆయన వెనకాల ఉన్నాను. ఆయన మెడ మాత్రం ఎర్రబడింది.

అన్నయ్య వచ్చేసరికి అమ్మ రొట్టె కాలుస్తోంది. నాన్నగారు కూర్చోమనలేదు.

"ఆ బారు వెనకాల కారులో ఉన్నది నువ్వేనా?"

"నేనే నాన్నా."

"పక్కన ఎవరు?"

అన్నయ్య అమ్మ వైపు చూశాడు. తర్వాత నా చేతిలోని గ్లాసు వైపు చూశాడు. "చెప్పలేను. మీరనుకునేది కాదు. దేవుని ముందు మాట ఇచ్చాను, కొన్నాళ్ళు ఆగండి."

"దేవుడి పేరు కూడా వాడుతున్నావన్నమాట" అన్నారు నాన్నగారు.

అంతే విచారణ. అమ్మ పెనం మీది రొట్టె తిప్పడం మర్చిపోయింది, ఒకవైపు మాడింది. ఆవిడ నాన్నగారిని పక్కకి పిలిచి, వాడు ఎప్పుడైనా అబద్ధమాడాడా, ఒక్క వారం ఆగితే ఏం పోతుంది అని బతిమాలింది. నాన్నగారు ఇచ్చిన జవాబు నాకు బాగా గుర్తు. ఇంకొకరి కొడుకైతే ఆగేవాణ్ణి, నా కొడుకు కాబట్టే ఆగకూడదు, పెద్ద తన ఇంటివాణ్ణి కాపాడుకున్నాడని రేపు ఒక్కరు అనకూడదు అన్నారు. పక్షపాతం చూపకూడదన్న భయం ఆయనకి ఎంత ఎక్కువంటే, పరాయివాడికి ఇచ్చే న్యాయం కూడా కన్నకొడుక్కి ఇవ్వలేదు. ఆసుపత్రిలో ముక్కుమొహం తెలియని మనిషి ముక్కని రెండుసార్లు చూసే మా నాన్నగారు, ఇంట్లో కొడుకుని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

మర్నాడు అన్నయ్య చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు, తనే చేసుకున్నాడు. నాన్నగారు ఎప్పటిలాగే మాట ఉంటే చెప్పుకోండి అని అడిగారు. ఆ రోజు హీటర్ గొట్టాలు చాలాసేపు కొట్టుకున్నాయి. గ్లాసు మగవాళ్ళ వరుసలన్నీ తిరిగి, అన్నయ్య ముందునుంచి ఆడవాళ్ళ వైపుకి దాటింది. వాడు తలదించుకోలేదు, గ్లాసు వెళ్ళినవైపే చూశాడు. ఆడవాళ్ళ వరుసలో ఆనందరావు అంకుల్ భార్య కరుణ ఆంటీ చేతిలో అది కాసేపు ఆగింది. ఆవిడ చంటిపిల్లాడు ఏడ్చాడు, వాణ్ణి సముదాయిస్తూ ఆవిడ గ్లాసు పక్కావిడకి ఇచ్చేసింది. పిల్లాడి గోలలో ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఆ సాయంత్రమే నాన్నగారు, ఆవిడెవరో చెప్పేదాకా ఈ ఇంట్లో ఉండొద్దన్నారు. అన్నయ్య ఒక బ్యాగ్ సర్దుకున్నాడు. నాకు తన ఉన్ని టోపీ ఇచ్చి, "చెవులు కప్పుకో నిమ్మీ, స్కూల్ బస్సు దగ్గర గాలి ఎక్కువ" అన్నాడు. కాలేజీ స్నేహితుడి గదికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. ఇంట్లో పళ్ళేలు ఒకటి తక్కువ పెట్టడం అలవాటు కాక అమ్మ రోజూ నాలుగు పెట్టి, ఒకటి తీసేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మంచు ఇంకా కరగలేదు. ఒక మధ్యాహ్నం మా కింద పార్కింగ్‌లో ఆనందరావు అంకుల్ కారు వచ్చి రెండు గీతల మీద అడ్డంగా ఆగింది. దిగింది కరుణ ఆంటీ, ఒక్కతే, వెనక సీట్లోంచి పిల్లాణ్ణి తీసి చంకనేసుకుని. లోపలికి వచ్చి, కోటు విప్పకుండా నాన్నగారి ముందు నిలబడింది.

"అన్నయ్యగారూ, ఆ కారులో ఉన్నది నేనే. ప్రకాశ్ నాకు డ్రైవింగ్ నేర్పించాడు."

అంతకుముందు శీతాకాలంలో ఆ పిల్లాడు ఊపిరాడక నీలంగా అయిపోయాడట. అంకుల్ ఆఫీసులో ఉన్నారు. ఫోన్లో ఆవిడ ఇంగ్లీషు అవతలివాళ్ళకి అర్థం కాలేదు. పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టి మంచులో రోడ్డు మీదికి పరిగెత్తితే ఎవరో తెల్లావిడ ఆపి తీసుకెళ్ళిందట. అంకుల్‌కి ఒకసారి కారు ఐసు మీద జారి ప్రాణం మీదికి వచ్చింది, అప్పటినుంచీ భార్య స్టీరింగ్ ముట్టుకోవడమంటే ఆయనకి భయం, ఆ మాట ఎత్తితే కోపం. అందుకని ఆవిడ అన్నయ్యని బతిమాలి, లైసెన్స్ చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పనని దేవుని ముందు మాట తీసుకుంది. శనివారం పొద్దున ఆ బారు మూసి ఉంటుంది, వెనకాల పెద్ద ఖాళీ స్థలం. అంతకన్నా మంచి చోటు వాళ్ళకి దొరకలేదు. ఆనందరావు అంకుల్ చూసింది తన భార్య వీపునే. మా అమ్మ ఇచ్చిన పాత స్కార్ఫ్ కట్టుకుంటే ఆయనే గుర్తుపట్టలేదు.

"ఆ ఆదివారమే లేచి చెప్పాల్సింది" అంది ఆంటీ. "అప్పటికే టెస్ట్ డేట్ వచ్చేసింది. ఇంకొన్నాళ్ళే కదా, లైసెన్స్ రాగానే అంతా సరిచేస్తాను అనుకున్నాను. గ్లాసు నా దగ్గరికి వస్తే తాగలేకపోయాను. నిన్న టెస్ట్‌కి కూడా ప్రకాశే ఫ్రెండ్ కారు తెచ్చి తీసుకెళ్ళాడు. రాత్రి మా ఆయనకి చెప్పేశాను."

మీరు ఇంట్లోంచి గెంటేసినవాడు, మీరు ఎవరి గురించి అడిగారో ఆవిడనే, మాట ప్రకారం టెస్ట్‌కి తీసుకెళ్ళాడు. ఆవిడ అలా అనలేదు. నాన్నగారు మాత్రం అలాగే విని ఉంటారు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయి, కోటు కోసం గోడ తడిమారు. ఆయన ఆ స్నేహితుడి గదికి చేరేసరికి అన్నయ్య ఆ పొద్దున్నే బస్సెక్కి ఒహాయో వెళ్ళిపోయాడు. అక్కడెవరో హీటర్లు రిపేర్ చేసే పని ఇప్పిస్తామన్నారట. ముందు రోజు ఆంటీ వాణ్ణి ఆగమని ఏడ్చిందట, రేపు నేనే వచ్చి చెబుతాను, నీ ఇంటికి నువ్వు వెళ్ళొచ్చు అని. వాడన్న మాట ఆవిడ మా అమ్మకి చెప్పింది, అమ్మ నాకు చెప్పింది. "నేను చెబితే నమ్మని ఇంటికి, మీరు చెబితే నమ్మారని వెళ్ళనా ఆంటీ?"

నాన్నగారు మరుసటి ఆదివారం సంఘం ముందు నిలబడి, నేను విచారించకుండా తీర్పు తీర్చాను, నా కొడుకు నిర్దోషి అని చెప్పారు. ఆనందరావు అంకుల్ ఆడవాళ్ళలా వెక్కివెక్కి ఏడ్చారు. నాన్నగారు ఒహాయోకి ఫోన్ చేశారు, వెళ్ళొచ్చారు. అన్నయ్య మర్యాదగా మాట్లాడాడు, కాఫీ ఇచ్చాడు. కోపం లేదన్నాడు, రానన్నాడు. కాలేజీ గడప మళ్ళీ తొక్కలేదు. ఆ రోజు నుంచీ నాన్నగారు ప్రతి సంస్కారంలోనూ గ్లాసుని తన దగ్గర ఆపకుండా దాటించేసేవారు. అమ్మ ఎంత ఏడ్చినా, "వాడు తాగిన రోజు నేను తాగుతాను" అనేవారు. అలాగే తాగకుండానే వెళ్ళిపోయారు. అన్నయ్య సమాధి కార్యక్రమానికి వచ్చాడు. గుంతలోకి మట్టి వేశాడు, పార చాలాసేపు ఇంకొకరికి ఇవ్వలేదు. తర్వాత ప్రార్థనకి మాత్రం హాల్లోకి రాలేదు, బయట కారులో కూర్చున్నాడు.

ఇన్నేళ్ళూ నేను నాన్నగారి ఆ దీక్షని గొప్పదనే అనుకున్నాను. ఆ నాటకం చూసొచ్చాక అలా అనిపించడం లేదు. ఎవరు పడిపోయినా లేపే ప్రభువుని మాకు పరిచయం చేసిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రభువుని ఒక్క మాట అడగలేదు. కొడుకు మీద తీర్పు ఎంత తొందరగా తీర్చారో తన మీదా అంతే తొందరగా తీర్చుకున్నారు, ఆ రెండోదాన్ని జీవితాంతం మార్చలేదు. మా అమ్మ ఇద్దరి మధ్యా ఒంటరిదైపోయింది.

ఇప్పుడు మా ప్లేనో సంఘానికి సొంత భవనం ఉంది, పెద్ద స్క్రీన్ ఉంది. ఆడవాళ్ళందరూ ఎవరి కారు వాళ్ళు డ్రైవ్ చేసుకుని వస్తారు. అది చూసినప్పుడల్లా కరుణ ఆంటీ అడ్డంగా ఆపిన కారు గుర్తొచ్చి దేవుణ్ణి స్తుతిస్తాను. సంస్కారం చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో వస్తుంది, పైన మూత, మూత మీద రొట్టె ముక్క. ఎవరిది వాళ్ళు విప్పుకుని తాగుతారు. ఎవరినీ చివరి కుర్చీలో కూర్చోబెట్టరు. కానీ పక్కనున్నవాడు తాగాడో లేదో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడరు కూడా. నింద మాత్రం ఇప్పుడు గుమ్మంలో బూట్లతో నిలబడి రానక్కర్లేదు. సంఘం వాట్సాప్‌లో ఎవరో ఒకరి గురించి ఒక లైను పెడతారు, నేను వంటింట్లోంచి కళ్ళజోడు తెచ్చుకునేలోపే కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి. అప్పుడు దూరం పెట్టినవాణ్ణి కనీసం అందరం చూశాం. ఇప్పుడు చూడను కూడా చూడం. ఏది ఎక్కువ ఒంటరితనమో నేను తేల్చలేను.

నాటకం నుంచి వచ్చిన మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేశాను. వాడికి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, వదిన లేదు, పిల్లలు లేరు. కథ అంతా చెప్పాను. వాడు మధ్యలో ఆపలేదు.

"చివరికి ఆ కొడుకు ఏమంటాడే?" అన్నాడు.

"నిజం బయటపడేసరికి వాడు చావుబతుకుల్లో ఉంటాడు. తండ్రి ఒళ్ళో పడుకుని, నిన్ను క్షమించాను అని పోతాడు."

అన్నయ్య నవ్వాడు, ఆ పాత నవ్వే. "పోయేముందు అయితే ఈజీనే నిమ్మీ. ఒకసారి అంటే చాలు. నేను బతికుండి రోజూ అనాల్సి వస్తోంది."

రోజూ అంటున్నాడని నాకు ఆ రోజు దాకా తెలియదు. నేను ఏడుస్తున్నానని తెలిసిపోయిందేమో, గ్లాసు ఎక్కడుంది అని అడిగాడు. అమ్మ పోయాక నా దగ్గరికే వచ్చిందని, తెల్లగుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టానని, అప్పటి నుంచీ దాన్ని ఎవరూ తోమలేదని చెప్పాను. తర్వాత, "థాంక్స్‌గివింగ్ సెలవులకి వస్తాను. చర్చికి అని కాదు, ఊరికే. నువ్వు దాన్ని తోమి పెట్టు" అన్నాడు.

పళ్ళపొడి ఇండియన్ స్టోర్‌లో దొరికింది. ఈ పొద్దున గ్లాసు తోమాను. అంచు దగ్గర మెరుపు వచ్చింది, అడుగున మసక ఇంకా పోలేదు. అందులో వాడు నీళ్ళే తాగుతాడో, ద్రాక్షరసం పోయనిస్తాడో, మా నాన్నగారి పేరు ఎత్తుతాడో ఎత్తడో నాకు తెలియదు. నేను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగనని దేవుని ముందు నిర్ణయించుకున్నాను. ఇది చదివిన మీరు ఈ పూట మోకరించినప్పుడు మా అన్నయ్య ప్రకాశ్ పేరు ఒక్కసారి ప్రభువు దగ్గర పలకండి. వాడు వచ్చేదాకా నాతో కలిసి ప్రార్థించండి. నా ఇంట్లో మోకరించడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.